బోర్డు తుడిచే అలవాటు

హలో, వినబడుతుందా అండి? ఆఁ, వినబడితే చాలు. అందరికీ నమస్కారం. వెనకాల ఫ్యాను సౌండు వస్తే ఏమీ అనుకోకండి, ఈ ఎండలకి దాన్ని ఆపి నేను కూర్చోలేను. నాకు రాయడం పెద్దగా రాదు. నోటితో చెప్తుంటే ఫోనే రాసుకుంటుంది. తప్పులుంటే ఫోనువి, ఒప్పులుంటే మా ఆవిడవి.

నా పేరు అప్పలస్వామి. చీపురుపల్లిలో టైలర్ని. ఎనిమిదో క్లాసులో బడి మానేశాను. మా ఆవిడ సత్యవేణి మాత్రం గవర్నమెంటు టీచరు. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు ఆవిడవాళ్ళు. వాళ్ళ యూనిఫారాలు నేను కుడతాను, వాటిలో ఉండే పిల్లల్ని ఆవిడ చూసుకుంటుంది. మా ఇంట్లో అలా పని పంచుకున్నామన్నమాట.

సంగతి వేసవి సెలవుల్లోది. సెలవులని పేరేగానీ టీచర్లకి సెలవులెక్కడివండి. ఒక ఏడాది ట్రైనింగ్, ఒక ఏడాది సర్వే. ఈ ఏడాది వాళ్ళ గ్రూపులో ఇంకోటి వచ్చింది. ఆన్‌లైన్‌లో ఛాలెంజ్. పొద్దున్నే గ్రూపులో ఒక మాట పెడతారు. వాన, సంత, పాత బడి, ఇలాగ. టీచర్లంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని దాని మీద బొమ్మ చేసి పదకొండింటికి వీడియో కాల్లో చూపించుకోవాలి. ఆ బొమ్మలన్నీ జూన్‌లో పాఠాలకి వాడతారు.

చేతితో గియ్యక్కర్లేదు. అదే దాంట్లో విశేషం. హైదరాబాద్‌లో ఒక ల్యాబు వాళ్ళు టీచర్లందరికీ తలకి కట్టుకునే పట్టీ ఒకటి, ట్యాబ్ ఒకటి పంపించారు. పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుని ఏది తల్చుకుంటే అది తెర మీదికి వచ్చేస్తుంది. ఊరికే బొమ్మ కాదండి, కదులుతుంది.

మా ఆవిడకి బొమ్మలు అస్సలు రావు. బోర్డు మీద ఆవుని గీస్తే పిల్లలు "టీచర్, కుక్కకి కొమ్ములెందుకున్నాయి" అని అడిగేవారట. అలాంటిది మొదటిరోజు పట్టీ కట్టుకుని ఆవుని తల్చుకుంది. నేను మిషను ఆపి వెళ్ళి చూశాను. తెర మీద ఎర్రావు. ముక్కు తడిగా ఉంది. చెవి మీద ఈగ వాలితే చెవి ఆడించింది. మా ఆవిడ కళ్ళు తెరిచి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ అలా నవ్వగా చూసి చాలా కాలమైంది.

కాల్లో విక్టర్ మాస్టారని లెక్కల మాస్టారు ఒకాయన ఉంటారు, గజపతినగరం వైపు. ఆయన నన్ను తెరలో చూసి, "అప్పలస్వామిగారూ, మీ ఆవిడ ఆవు మా ఇంట్లో ఆవుకంటే బాగుందండి. సాయంత్రం పాలు ఇస్తుందేమో కనుక్కోండి" అన్నారు.

"ముందు మీ ఆవు ఇస్తుందా మాస్టారూ" అంది మా ఆవిడ.

"ఎక్కడమ్మా. అది కూడా రిటైర్‌మెంట్‌కి దగ్గర పడింది."

అందరూ నవ్వారు. ల్యాబు తరఫున కాల్ చూసుకునే అమ్మాయి తబస్సుమ్ కూడా నవ్వింది. చిన్న పిల్ల, పాతికేళ్ళుంటాయేమో. నన్ను అంకుల్ అని పిలిచేది.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మాకొక పాప పుట్టింది. పాతికేళ్ళ పైమాట. హిమబిందు అని పేరు పెట్టాం. తొమ్మిదో నెలలో జ్వరం వచ్చి పోయింది. తర్వాత మాకు పిల్లలు కలగలేదు. పాపకి ఫొటో లేదు. ఏడాది నిండకుండా ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా ఇళ్ళల్లో ఒక పట్టింపు. మా అమ్మ గట్టిగా అనేది. పుట్టినరోజుకి స్టూడియోకి తీసుకెళ్దామని గౌను కుట్టి కూడా ఉంచాను.

కాలం గడిచేకొద్దీ నాకు పాప బరువు గుర్తుంది, ఒంటి పౌడరు వాసన గుర్తుంది, మొహం మాత్రం జారిపోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. ఒకరోజు మా ఆవిడతో ఆ మాటే అన్నాను. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. గిన్నెలు సర్దుతూ, "నా దగ్గరుందిలెండి. కంగారు పడకండి" అంది, బీరువా తాళాలు ఎక్కడున్నాయంటే చెప్పినట్టుగా. అప్పట్నుంచి నాకదే ధైర్యం. నా దగ్గర లేకపోయినా ఇంట్లో ఉంది కదా.

అందుకే ఆ ఆవుని చూసిన రోజు నా ఆలోచన ఎక్కడికి పోయిందో మీకు తెలిసే ఉంటుంది. భోజనాల దగ్గర మెల్లగా అడిగాను.

"వేణీ, ఆవు వచ్చినప్పుడు పాప కూడా వస్తుంది కదా."

ఆవిడ మజ్జిగ పోసుకుంటూ ఆగింది. "అది గ్రూపులో చూపించే బొమ్మ కాదండి."

"గ్రూపుకెందుకు, నాకు."

"చూద్దాంలెండి" అంది. ఆ గొంతు వింటే ఇంక అడగబుద్ధి కాలేదు.

ఛాలెంజ్ నడుస్తోంది. సంత అన్నరోజు వాళ్ళ ఊరి సంతలో గాజుల దుకాణం తెచ్చింది. వంట అన్నరోజు వాళ్ళమ్మ కట్టెల పొయ్యి తెచ్చింది, గొట్టంతో ఊదుతుంటే నిప్పులు ఎర్రబడడంతో సహా. కాల్లో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. బొమ్మ గ్రూపుకి పంపించేశాక మా ఆవిడ ఏం చేసేదంటే, తెర మీద కింద మూలకి డస్టర్ బొమ్మ ఒకటి ఉండేది, దాన్ని వేలితో పట్టుకుని బోర్డంతా తుడిచేది. తెర కూడా బడిలో పచ్చబోర్డు లాగే ఉంటుంది లెండి. పైనుంచి కిందికి, మూలలు కూడా వదలకుండా తుడిచి అప్పుడు పట్టీ తీసేది.

"ఊరికే ఆపేస్తే పోదా" అన్నాను ఒకసారి.

"క్లాసులోంచి వచ్చేటప్పుడు బోర్డు తుడిచి రావాలండి. తర్వాత పీరియడ్ వాళ్ళు వచ్చి మన బోర్డు తుడుచుకుంటారా? ట్రైనింగ్‌లో తుడవకుండా బయటికొస్తే మార్కులు కోసేవాళ్ళు."

"ఇక్కడ తర్వాత పీరియడ్ ఎవరిదే?"

"అలవాటు" అంది.

వారం పైన గడిచింది. ఎండలు ముదిరాయి. కరెంటు పోతే నేను మిషను వదిలి వరండాలో కూర్చునేవాణ్ణి. ఆవిడ పక్కనే తాటిముంజెలు ఒలుస్తోంది. ఏదో మాటల్లో, "మీ అమ్మ పొయ్యి మీద చేసిన పెసరట్టు రుచి ఇప్పుడెక్కడిది" అన్నాను.

ఆవిడ ముంజె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏమండీ, ఆ పొయ్యి ఎటువైపు ఉండేది?"

"అదేటే, మొన్ననే కదా బొమ్మ తెచ్చావు."

"తెచ్చాను. అమ్మకి పొయ్యి ఉండేదని తెలుసు. కనబడట్లేదు." కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. "హాజరుపట్టీలో పేరుంది. పిలుస్తున్నాను. పిల్ల రాలేదు. అలా ఉంది."

ఎండకి తల తిరిగిందేమో అని నీళ్ళిచ్చాను. ట్యాబ్‌లో గ్రూపు తెరిచి ఆవిడ పంపిన పొయ్యి బొమ్మనే చూపించాను. చాలాసేపు చూసింది. "బాగుంది. ఎవరింట్లో పొయ్యో" అంది.

గాజుల దుకాణం కూడా అంతే. ఎర్రావు కూడా అంతే.

మర్నాడు విక్టర్ మాస్టారు ఫోన్ చేశారు. ఎప్పుడూ జోకుతో మొదలెట్టే మనిషి. ఆ రోజు జోకు లేదు.

"సత్యవేణిగారూ, పాత బడి ఛాలెంజ్‌కి నేను చదివిన బడి తెచ్చాను కదమ్మా, పెంకుల కప్పుది. నిన్న పెళ్ళికని మా ఊరెళ్ళాను. దాని ముందర నిలబడి, ఇదేం బిల్డింగ్ బాబూ అని మా తమ్ముణ్ణి అడిగానమ్మా. వాడు నవ్వులాటకి అన్నాననుకున్నాడు."

మా ఆవిడ స్పీకర్ పెట్టిన ఫోన్ అలాగే పట్టుకుని గోడకి ఆనుకుంది.

"మాస్టారూ, బొమ్మ పంపాక మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను? బోర్డు తుడిచి పట్టీ తీసేస్తాను."

ఆ సాయంత్రమే తబస్సుమ్‌కి చెప్పారు. కనుక్కుని చెప్తానని ఆ అమ్మాయి రెండ్రోజులు తీసుకుంది. తర్వాత అందర్నీ కాల్లోకి పిలిచింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిద్ర లేనట్టుంది. నేను కత్తెర చేతిలో పట్టుకునే మా ఆవిడ వెనక నిలబడ్డాను.

"ఈ పట్టీని మా ల్యాబులో రెండేళ్ళు వాడాం మేడమ్. మావాళ్ళకి ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో ఇప్పుడు చూశాం" అంది. "మావాళ్ళెవరూ ఆ డస్టర్ ముట్టుకోలేదు. బొమ్మ చూసుకుని, ట్యాబ్ మూసేసి, టీకి వెళ్ళిపోయేవాళ్ళు. మీరు అందరూ, ప్రతిరోజూ, తుడిచారు."

"డస్టర్ పెట్టింది మీరే కదమ్మా" అన్నారు ఎవరో.

"మేమే పెట్టాం. ఒక బొమ్మ రంగు తర్వాత బొమ్మకి అంటకూడదని. మనం ఏదైనా తల్చుకున్నప్పుడు తలలో కొన్ని చోట్లు వెలుగుతాయి మేడమ్. పట్టీ ఆ వెలుగుని పట్టుకునే బొమ్మ చేస్తుంది. డస్టర్ ఆ చోట్లని ఆర్పుతుంది. కాసేపటికి మళ్ళీ వెలుగుతాయని అనుకున్నాం. వెలగట్లేదు."

ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేసింది. ఎవరూ లేవలేదు.

"తుడవకుండా ఎలా వచ్చేస్తామమ్మా" అంది పార్వతీపురం టీచరు ఒకావిడ, తప్పు చేసినట్టు. "తర్వాత వాళ్ళు ఏమనుకుంటారు?"

విక్టర్ మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే అమ్మా, కొంచెం బద్ధకం ఉన్న టీచర్లయితే బాగుపడేవాళ్ళమన్నమాట" అన్నారు. ఆయన జోకే వేశారు. నవ్వు రాలేదు ఎవరికీ.

ఛాలెంజ్ ఆపేశారు. పట్టీలు ఎవరూ కట్టుకోవద్దని, సోమవారం మనిషి వచ్చి తీసుకెళ్తాడని చెప్పారు. పోయినవి తిరిగి వస్తాయా అంటే ఆ అమ్మాయి తల వంచుకుని, ప్రయత్నిస్తామంది.

కాల్ ఆగాక నేను అడిగింది ఒకటే.

"వేణీ, పాప ఉందా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఉంది" అంది. "బయటికి తియ్యలేదు కదా."

వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. కుట్టాల్సిన గుడ్డ పక్కన పెట్టేశాను. ఇంక జన్మలో పాపని చూపించమని అడగకూడదనుకున్నాను. నేను చూడకపోతే ఏం పోయింది. ఆవిడ దగ్గరుంటే చాలు.

సోమవారం ఉదయం. టిఫిన్లయ్యాయి. పట్టీని, ట్యాబ్‌ని అట్టపెట్టెలో పెట్టి టేపు వేద్దామని నేను టేపు వెతుకుతున్నాను. కత్తెర, టేపు, కళ్ళద్దాలు, ఇవి నాకు ఎప్పుడూ దొరకవు, ఆవిడే వెతికిపెట్టాలి. తిరిగొచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది. ఆవిడ తలకి పట్టీ కట్టుకుని మంచం మీద కూర్చునుంది.

"వేణీ, వద్దు."

"రండి, కూర్చోండి."

"వద్దంటే వినవేం. నీ చెయ్యి నీ మాట వినదు. బొమ్మ రాగానే తుడిచేస్తుంది."

"అయితే చెయ్యి పట్టుకోండి" అంది. నవ్వినట్టే ఉందిగానీ అది నవ్వు కాదు. చాలా అలిసిపోయి ఉంది. ఎండకి కాదు, ఆ అలుపు పాతది.

పక్కన కూర్చుని ఆవిడ కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. కళ్ళు మూసుకుంది. బోర్డు కాసేపు ఖాళీగా ఉంది. తర్వాత పాప వచ్చింది.

నేను అనుకున్నట్టు ఎదురుగా లేదండి. పైనుంచి. ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలిస్తుంటే తల్లికి ఎలా కనబడుతుందో అలాగ. నేను ఆ పక్కనుంచి ఎప్పుడూ చూడలేదు, చూడడం కుదరదు కూడా. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న ఖాళీ, అక్కడ వెంట్రుకలు లేవు. కుడి చెవి పైఅంచు కొంచెం మడిచినట్టుంది. బుగ్గ మీద దిష్టిచుక్క చెదిరి గడ్డం దాకా పాకింది. తాగడం ఆపి పైకి చూసింది. నోరు తెరిచి నవ్వింది. కింద రెండు పళ్ళు. పెదవి మూలన పాలు కారాయి.

మొహం నాకు తెలుసు. చూడగానే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎక్కడో ఉంది, చెయ్యి అందలేదంతే.

"చూశారా" అంది మా ఆవిడ, కళ్ళు మూసుకునే.

"ఆఁ."

"కనుబొమ్మ చూశారా?"

"చూశాను. మా అమ్మకి కూడా అలాగే ఉండేది."

"బాగా చూడండి. నేను చెప్పేది విన్నాక కోప్పడకండి." ఊపిరి తీసుకుంది. "ఈ మొహం ఒక్కటే రాదండి. ఇది వచ్చిన కాసేపటికి వెనకాలే ఆసుపత్రిలో మొహం కూడా వస్తుంది. కళ్ళు సగం మూసి, పెదాలు ఎండిపోయి. ప్రతిసారీ వస్తుంది. బడిలో ఏ పిల్ల నవ్వినా ముందు ఇది, వెనకాల అది. ఒకటి ఉంచుకుని ఒకటి తీసెయ్యడం నాకు చేతకాలేదు. మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు కూడా దారిలో ఉంది. వస్తోంది."

తెర మీద పాప నవ్వుతూనే ఉంది. అంచుల దగ్గర మాత్రం వెలుగు కొద్దిగా మారింది, ట్యూబులైటు వేసినట్టు.

"అది మీరు చూడొద్దు" అంది. "మీరు ఇదే ఉంచుకోండి. నా దగ్గర ఇది పోతే వెనకాల అదీ రాదు. చెయ్యి వదలండి."

"వేణీ, ఉన్నది ఇదొక్కటే. గ్రూపుకి పంపలేదు, ఎక్కడా దాచలేదు. తుడిస్తే తెర మీద కూడా ఉండదు."

"మీ దగ్గరుంటుంది కదా."

"నాకు టేపు ఎక్కడ పెట్టానో గుర్తుండదే."

"ఇన్నేళ్ళు నా దగ్గరుంచాను. అలిసిపోయానండి. ఇంక మీ దగ్గరుంచండి."

నేను ఏం చెయ్యాల్సిందో మీరే చెప్పండి. చెయ్యి గట్టిగా పట్టుకుని ఉండొచ్చు. నా చేతులకి బలం ఉంది. కానీ అది ఆవిడ చెయ్యి. నేను మర్చిపోయి హాయిగా మిషను తొక్కుకుంటున్నన్ని ఏళ్ళూ ఆవిడ రెండు మొహాలు మోసింది. మెల్లగా వేళ్ళు వదిలాను.

ఆవిడ కళ్ళు తెరిచి డస్టర్ పట్టుకుంది. ఈసారి గబగబా తుడవలేదు. మొదటిసారి బోర్డు ముట్టుకున్న పిల్లలాగా, కింద నుంచి మొదలెట్టి, చెవి, బుగ్గ, చివర్లో కనుబొమ్మ. మూలలు కూడా వదల్లేదు. పచ్చబోర్డు మిగిలింది. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవచ్చని నాకు అప్పుడు తట్టింది, తుడిచేశాక. పట్టీ తీసి మడిచి నా చేతికిచ్చింది. టేపు కిటికీలో ఉందని చెప్పింది.

పదకొండింటికి ల్యాబు మనిషి వచ్చి పెట్టె తీసుకెళ్ళాడు. ఆవిడ మధ్యాహ్నం పడుకుంది. పొద్దు వాలేదాకా లేవలేదు. మధ్యలో రెండుసార్లు వెళ్ళి ఊపిరి చూసొచ్చాను.

బళ్ళు తెరిచారు. ఆవిడ వెళ్తోంది, వస్తోంది. ఆవు బొమ్మ మళ్ళీ సుద్దముక్కతోనే గీస్తోంది, కుక్కలాగే వస్తోందట. పాప గురించి అడిగితే పేరు చెప్తుంది, నెలలు చెప్తుంది, పాఠం అప్పజెప్పినట్టు. గొంతులో తడి లేదు. అది చూస్తే ఒక్కోసారి నాకు భయమేస్తుంది. ఒక్కోసారి, పోనీలే, ఆవిడకి కొంచెం విశ్రాంతి దొరికింది అనిపిస్తుంది. ఏది ఒప్పో నాకు తెలీదండి. తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

మొన్న సాయంత్రం చొక్కాలకి కాజాలు కుడుతూ నా పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది.

"ఏమండీ, చెవి ఎలా ఉండేదన్నారు?"

"కుడిది. పైఅంచు కొంచెం మడతపడి ఉండేది."

"మీకు కనబడుతోందా?"

"నా దగ్గరుందిలే" అన్నాను. "కంగారు పడకు."

తల ఊపి మళ్ళీ సూది పట్టుకుంది.

నేనయితే రోజూ పొద్దున్నే మిషనుకి నూనె వేసేటప్పుడు ఒకసారి కళ్ళు మూసుకుని చూసుకుంటున్నాను. కనుబొమ్మ, చెవి, చెదిరిన చుక్క, రెండు పళ్ళు. నిన్న చుక్క ఏ బుగ్గ మీదో చప్పున తట్టలేదు. నూనె డబ్బా కింద పెట్టి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి వచ్చింది, ఎడమ బుగ్గ.

అందుకే ఇదంతా మీకు చెప్పాను. నా మతిమరుపు సంగతి విన్నారు కదా. నా ఒక్కడి దగ్గరే ఉంటే భయంగా ఉంది. ఇప్పుడు మీక్కూడా తెలుసు, ఎడమ కనుబొమ్మలో ఖాళీ, కుడి చెవి మడత, ఎడమ బుగ్గ మీద చుక్క, కింద రెండు పళ్ళు, పేరు హిమబిందు. కొంచెం మీ దగ్గర కూడా ఉంచండి. మీకు తెలిసిన టీచర్లకి పంపండి, మీ గ్రూపుల్లో పెట్టండి. చదివాక తుడిచెయ్యకండి. ఉంటానండి.